సొంతంగా పనిచేసే ఇంజనీర్‌కి బీమా: క్లెయిమ్ వచ్చిన రోజున మీ చేతిలో ఏ పాలసీ ఉంది?

ఈ ఎపిసోడ్ విన్నవాళ్ళకి ఇందులో సగం తెలిసే ఉంటుంది. మాటల్లో గబగబా దాటిపోయినవి, మళ్ళీ వెనక్కి తిప్పి వినాల్సినంత మెలికలున్నవి ఇక్కడ నిదానంగా రాస్తున్నాను. షిఫ్టు అయ్యాక, బస్సులో కూర్చున్నాక చదువుకోండి.

మనవాళ్ళలో ఇంజనీరింగ్ పని సొంతంగా ఒప్పుకునేవాళ్ళు పెరుగుతున్నారు. కొందరు ఉద్యోగం వదిలి చిన్న కంపెనీ పెట్టుకున్నారు. కొందరు ఒక సంస్థకి డ్రాయింగులు, ఇంకో సంస్థకి తనిఖీ రిపోర్టులు చేసిపెడుతున్నారు. వాళ్ళందరూ అడిగేది ఒకటే: "ఏ బీమా తీసుకోవాలి? ఏది చవకగా వస్తుంది?"

చవక సంగతి చివర్లో చూద్దాం. ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఇంజనీర్ల బాధ్యత బీమాలో డబ్బు ఇచ్చేది మీరు పనిచేసిన ఏడాది పాలసీ కాదండీ, క్లెయిమ్ వచ్చిన ఏడాది పాలసీ. ఈ ఒక్క విషయం అర్థమైతే మిగతా ఎంపిక అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. పని ముగించి ఇంటికి వెళ్ళిపోయే మనలాంటివాళ్ళకి ఇది మరీ ముఖ్యం. మనం విమానం ఎక్కేస్తాం, మనం గీసిన పునాది మాత్రం ఇక్కడే ఉండిపోతుంది.

ముందు పాస్, తర్వాత పాలసీ

బీమా కొనే ముందు చూసుకోవాల్సింది, అసలు ఆ పని చేసే హక్కు మీకుందా అని. మలేషియాలో ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద ఉన్నవాళ్ళ పాస్ ఆ యజమానికి, ఆ ఉద్యోగానికే కట్టుబడి ఉంటుంది. సాయంత్రాలు బయటి పనులు చేసుకోవడానికి అది పనికిరాదు. సొంత పేరుతో చిన్న వ్యాపారం నమోదు చేసుకునే వీలు పౌరులకు, శాశ్వత నివాసం ఉన్నవాళ్ళకు మాత్రమే. విదేశీయులు సెందిరియన్ బెర్హాద్ కంపెనీ పెట్టవచ్చుగానీ, అందులో పనిచేయడానికి మళ్ళీ సరైన పాస్ కావాలి. డిజిటల్ పనులు చేసేవాళ్ళ కోసం 2022లో డీఈ రంతావ్ పాస్ వచ్చింది. అది కట్టడాల నక్షాల మీద సంతకం పెట్టే అధికారం ఇవ్వదు.

ఇంజనీర్ అని చెప్పుకుని సేవ అందించాలంటే 1967 నాటి ఇంజనీర్ల నమోదు చట్టం కింద బోర్డ్ ఆఫ్ ఇంజనీర్స్ మలేషియాలో నమోదు ఉండాలి. స్థానిక సంస్థకి ప్లాన్లు సమర్పించాలంటే ప్రాక్టీసింగ్ సర్టిఫికెట్ ఉన్న ప్రొఫెషనల్ ఇంజనీర్ అయి ఉండాలి.

ఇదంతా బీమా వ్యాసంలో ఎందుకంటే, ప్రపోజల్ ఫారంలో మొదటి పేజీలోనే మీ అర్హత, నమోదు, చేసే పని అడుగుతారు. అక్కడ రాసింది ఒకటి, చేసేది ఇంకొకటి అయితే ప్రీమియం కట్టి కూడా పాలసీ లేనట్టే. లైసెన్సు లేకుండా నడిపిన బండికి బీమా ఏం పనిచేస్తుందో ఇదీ అంతే.

ఉద్యోగంలో ఉన్నవాళ్ళు కూడా ఒకటి అడిగి తెలుసుకోండి. సంస్థ పాలసీలో "బీమా పొందినవారు" అనే నిర్వచనంలో ఉద్యోగులు ఉన్నారా? మాజీ ఉద్యోగులు ఉన్నారా? కాంట్రాక్ట్ మీద పనిచేసేవాళ్ళు ఉన్నారా? కాగితం మీద మిమ్మల్ని "సబ్ కన్సల్టెంట్" అని రాసుకున్న చోట ఆ పాలసీ మీకు గొడుగు పట్టకపోవచ్చు.

మూడు ప్రమాదాలు, మూడు వేర్వేరు బీమాలు

"లయబిలిటీ ఇన్సూరెన్స్ ఉంది కదా" అని చాలామంది ధీమాగా ఉంటారు. ఏ లయబిలిటీ అన్నదే అసలు సంగతి.

మొదటిది, మీ సలహా, లెక్క, డ్రాయింగ్, పర్యవేక్షణ తప్పి ఇతరులకు నష్టం వస్తే ఆదుకునేది. దీన్ని ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ అంటారు. ఈ వ్యాసం ముఖ్యంగా దీని గురించే.

రెండోది, పబ్లిక్ లయబిలిటీ. మీరు సైటుకు తీసుకెళ్ళిన పరికరం జారి దారిన పోయేవాడి మీద పడింది, మీరు టెస్టింగ్ కోసం తవ్విన గోతిలో ఎవరిదో మోటార్‌సైకిల్ దిగబడింది అనుకోండి, అలాంటివి ఇందులోకి వస్తాయి. ఇందులో సాధారణంగా "వృత్తిపరమైన సలహా వల్ల వచ్చిన నష్టం మినహాయింపు" అని ఉంటుంది. అంటే గోడ మీ డిజైన్ తప్పు వల్ల కూలితే ఈ పాలసీ చేతులెత్తేస్తుంది.

మూడోది, మీ దగ్గర పనిచేసేవాళ్ళకి దెబ్బ తగిలితే. మీరు ఒక్క హెల్పర్‌ని పెట్టుకున్నా యజమాని అయినట్టే. విదేశీ కార్మికులు 2019 జనవరి 1 నుంచి పెర్కెసో వారి ఉద్యోగ గాయాల పథకం కిందికి వచ్చారు. ఆ చందా యజమాని కట్టాలి, వేతనంలో 1.25 శాతం. ఇది కట్టకుండా ప్రైవేటు పాలసీ ఒకటి చూపిస్తే సరిపోదు.

కాంట్రాక్టర్ తీసుకునే "కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్స్" పాలసీ ఇంకొకటి ఉంది. పని జరుగుతుండగా సైటులోని కట్టడానికి వచ్చే నష్టం కోసం అది. అందులో మీ పేరు ఎక్కడో ఉందని మీ డిజైన్ బాధ్యత తీరిపోదు.

మన నేల సంగతి

నేనుండేది సుంగై సుమున్‌లో. హుతాన్ మెలింతాంగ్ నుంచి బాగన్ దాతుక్ వెళ్ళే దారిలో చిన్న ఊరు. చుట్టూ కొబ్బరి తోటలు, పామాయిల్ తోటలు. దిగువ పేరాక్‌లోని ఈ తోటల్లోకి మన తెలుగువాళ్ళు తరాల కిందటే పనికి వచ్చారు. ఇక్కడ దొరికే ఇంజనీరింగ్ పనులు పెద్ద టవర్లు కావు. గోడౌన్లు, మిల్లు షెడ్లు, ట్యాంకుల పునాదులు, చిన్న వంతెనలు, కాలవ గట్లు, మోటార్ ఫౌండేషన్లు.

చిన్న పని కదా, చిన్న బీమా చాలు అనిపిస్తుంది. కానీ ఈ తీరం అంతా మెత్తటి సముద్రపు బంకమన్ను. బరువు పెట్టిన రోజున ఏమీ అనదు. మన్నులోని నీరు నెమ్మదిగా బయటికి పోతూ ఉంటే, నేల ఏళ్ళ తరబడి కుంగుతూ ఉంటుంది. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ కుంగితే గోడ బీటలిస్తుంది, షట్టర్ పట్టేస్తుంది, మెషిన్ షాఫ్ట్ వంకర పోతుంది.

దీనికి మ్యూజియం అవసరం లేదు, తెలుక్ ఇంతాన్ వెళ్తే కనబడుతుంది. అక్కడి వాలు గోపురం 1885లో కట్టింది. పైన నీళ్ళ ట్యాంకు బరువు, కింద మెత్తటి నేల. అది ఒరిగింది, ఇప్పుడు దాని ముందు నిలబడి అందరూ ఫోటోలు దిగుతున్నారు. మీరు డిజైన్ చేసిన గోడౌన్ ఒరిగితే మాత్రం ఫోటోలు తీసేది లాయర్లు.

అంటే మన పనిలో తప్పు జరిగిన రోజుకీ, అది కంటికి కనబడే రోజుకీ మధ్య ఏళ్ళు గడుస్తాయి. చట్టం కూడా దీన్ని గుర్తించింది. పశ్చిమ మలేషియాలో 1953 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం ఒప్పందం మీద, నిర్లక్ష్యం మీద దావా వేయడానికి మామూలు గడువు 6 ఏళ్ళు. 2018లో దానికి సవరణ తెచ్చారు, 2019 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. కొత్తగా చేరిన 6ఏ సెక్షన్ ప్రకారం, దాగి ఉన్న లోపం తర్వాత బయటపడితే, అది తెలిసిన నాటి నుంచి 3 ఏళ్ళు టైమ్ ఇస్తారు. దావా హక్కు పుట్టిన నాటి నుంచి గరిష్ఠంగా 15 ఏళ్ళు దాటకూడదు. ఒంటికి దెబ్బలు తగిలిన కేసులకి ఈ సెక్షన్ వర్తించదు. సబా, సరవాక్ రాష్ట్రాలకి లిమిటేషన్ చట్టాలు వేరే ఉన్నాయి.

సింగపూర్‌లో కూడా ఇలాంటి 3 ఏళ్ళ, 15 ఏళ్ళ నియమం ఉంది. గల్ఫ్‌లో యూఏఈ, ఖతార్ వంటి చోట్ల కట్టడం కూలినా, దాని భద్రతకి ముప్పు తెచ్చే లోపం బయటపడినా డిజైనర్, కాంట్రాక్టర్ ఇద్దరికీ 10 ఏళ్ళ బాధ్యత ఉంటుంది. ఏ దేశం పని చేస్తున్నారో ఆ దేశపు గడువు తెలుసుకోండి.

హైలాండ్ టవర్స్ నేర్పింది

మలేషియాలో ఇంజనీర్ల బాధ్యత గురించి మాట్లాడితే హైలాండ్ టవర్స్ పేరు రాకుండా ఉండదు. 1993 డిసెంబర్ 11న కౌలాలంపూర్ పక్కన ఉలు కెలాంగ్‌లో 12 అంతస్తుల బ్లాక్ కూలి 48 మంది చనిపోయారు. వెనకున్న కొండ వాలు జారింది, రక్షణ గోడలు కూలాయి, పునాదులు ఆ తోపుడికి తట్టుకోలేకపోయాయి.

పక్క బ్లాకుల యజమానులు వేసిన దావాలో 2000లో హైకోర్టు తీర్పు ఇచ్చింది. డెవలపర్ మీద 15 శాతం, ఆర్కిటెక్ట్ పని చేసిన వ్యక్తి మీద 10 శాతం, ఇంజనీర్ మీద 10 శాతం బాధ్యత పెట్టింది. మిగతాది మునిసిపాలిటీకి, పక్క భూముల యజమానులకి పంచింది. మునిసిపాలిటీకి చట్టపరమైన రక్షణ ఉందని 2006లో ఫెడరల్ కోర్టు తేల్చింది. అలాంటి రక్షణ ఇంజనీర్‌కి లేదు.

మన ఎంపికకి పనికొచ్చే పాఠాలు ఇందులో రెండున్నాయి. కొండ వాలు, దాని మీది గోడలు తన పని పరిధిలో లేవన్న ఇంజనీర్ వాదనని కోర్టు ఒప్పుకోలేదు. తన కట్టడానికి చుట్టుపక్కల నుంచి వచ్చే ముప్పు కూడా చూసుకోవాలంది. మన ఊళ్ళో దీన్ని ఇలా అనువదించుకోండి: మీరు షెడ్ మాత్రమే డిజైన్ చేశారు, పక్కనున్న కాలవ గట్టు తెగితే ఆ షెడ్ ఏమవుతుందో కూడా మీరే ఆలోచించి ఉండాలి. రెండోది, 10 శాతం అనగానే చిన్నగా వినబడుతుంది. మొత్తం నష్టం ఎంత అన్నదాన్ని బట్టి ఆ 10 శాతం మీ జీవితకాలపు సంపాదనని మించిపోవచ్చు.

క్లెయిమ్స్-మేడ్ అంటే ఏంటి?

ఇప్పుడు అసలు మెలిక. మోటార్ బీమాలో ప్రమాదం ఏ రోజు జరిగితే ఆ రోజు పాలసీ చూస్తారు. ప్రొఫెషనల్ ఇండెమ్నిటీలో అలా ఉండదు. ఇది "క్లెయిమ్స్-మేడ్" పద్ధతి. అంటే ఎదుటివాడు మీ మీద క్లెయిమ్ వేసి, మీరు దాన్ని బీమా సంస్థకి తెలిపిన రోజున అమల్లో ఉన్న పాలసీయే మాట్లాడుతుంది.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. 2020లో మీరు ఒక గోడౌన్‌కి పునాది డిజైన్ చేశారు. ఫీజు 12,000 రింగిట్. 2020, 2021, 2022ల్లో బీమా కట్టారు. 2023లో పనులు తగ్గాయని ఆపేశారు. 2026లో నేల ఒక పక్క కుంగింది, బాగుచేయడానికి 3,80,000 రింగిట్ అవుతుందని లాయర్ నోటీసు వచ్చింది. మూడేళ్ళు కట్టిన ప్రీమియం ఉందిగా అంటే, ఉంది. పాలసీ మాత్రం లేదు. ఆ మూడు పాలసీల గడువు తీరిపోయింది. క్లెయిమ్ వచ్చిన 2026లో ఏ పాలసీ లేదు కాబట్టి మొత్తం మీ నెత్తినే.

ఇంకో రకం చూడండి. మీరు 2023లో ఆపలేదు, ఇంకో సంస్థలో చవకగా వస్తుందని మారారు. 2026లో పాలసీ ఉంది. అయినా డబ్బు రాకపోవచ్చు. ఎందుకంటే ప్రతి పాలసీ షెడ్యూల్‌లో "రెట్రోయాక్టివ్ డేట్" అని ఒక తేదీ ఉంటుంది. ఆ తేదీకి ముందు చేసిన పనికి కవర్ లేదని అర్థం. కొత్త సంస్థ ఆ తేదీని 2023 అని వేస్తే, 2020 నాటి పునాది బయట పడిపోయింది.

అందుకే పాలసీ చేతికి రాగానే ప్రీమియం అంకె కంటే ముందు ఈ తేదీ వెతకండి. సొంత పని మొదలుపెట్టిన రోజు గానీ, అంతకు ముందుది గానీ ఉండాలి. "అన్‌లిమిటెడ్" అని ఉంటే ఇంకా మంచిది. సంస్థ మారేటప్పుడు పాత తేదీనే కొనసాగించమని రాతపూర్వకంగా అడగండి. ఒక్క రోజు కూడా మధ్యలో ఖాళీ రానివ్వకండి.

ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళకి

కాంట్రాక్ట్ అయిపోయింది, పాస్ రద్దు చేసుకుని విజయవాడకో కరీంనగర్‌కో వెళ్ళిపోతున్నారు. కొత్త పని చేయట్లేదు కదా, ఇక పాలసీ ఎందుకు అనుకుంటాం. పైన చెప్పిన పద్ధతిలో చూస్తే, పని ఆపేసిన తర్వాతి ఏళ్ళే ప్రమాదకరమైనవి.

దీనికి "రన్-ఆఫ్ కవర్" అని ఉంది. కొత్త పనులకి వర్తించదు, పాత పనుల మీద వచ్చే క్లెయిమ్‌లకి మాత్రమే. మామూలు గడువు 6 ఏళ్ళు కాబట్టి కనీసం అంతకాలం దొరుకుతుందా అని అడగండి. ఒకేసారి కట్టాలా, ఏడాదికోసారి కొనసాగించాలా, రెండోదైతే సంస్థ మధ్యలో మానేయవచ్చా, అవి కూడా అడగండి. కొన్ని పాలసీల్లో గడువు తీరాక 30, 60, 90 రోజుల రిపోర్టింగ్ టైమ్ ఇస్తారు. అది రన్-ఆఫ్‌కి బదులు కాదు.

కంపెనీ పేరు మీద పాలసీ ఉండి, మీరు వెళ్ళేటప్పుడు కంపెనీ మూసేస్తే, పాలసీ కూడా దానితోపాటే పోతుంది. మూసేముందే ఈ సంగతి తేల్చుకోవాలి. "కంపెనీ ఉంది కదా, నాకేం కాదు" అనే ధైర్యం ఇక్కడ పనిచేయదు. నిర్లక్ష్యం మీదని తేలితే, సంతకం పెట్టిన ఇంజనీర్ మీద వ్యక్తిగతంగా కూడా దావా వేయవచ్చు.

మన దేశం నుంచి తెచ్చుకున్న పాలసీ చాలదా అని ఒకరు అడిగారు. ప్రతి పాలసీలో రెండు మాటలు చూడండి. ఒకటి టెరిటరీ, అంటే ఏ దేశంలో చేసిన పనికి వర్తిస్తుంది. రెండోది జ్యూరిస్‌డిక్షన్, అంటే ఏ దేశం కోర్టులో వేసిన దావాకి వర్తిస్తుంది. మలేషియాలో కూర్చుని సింగపూర్ క్లయింట్‌కి డ్రాయింగ్ చేస్తే రెండూ సరిపోవాలి.

ఎంత మొత్తానికి తీసుకోవాలి?

మీ ఫీజుని బట్టి మొత్తం నిర్ణయించకండి. మీ తప్పు వల్ల పాడయ్యే దాన్ని బాగుచేయడానికి ఎంత అవుతుందో దాన్ని బట్టి నిర్ణయించండి. మోటార్ ఫౌండేషన్ ఖర్చు తక్కువే. కానీ అది కుంగి మిల్లు పది రోజులు ఆగితే, పండిన గెలలు వేచి ఉండవు కదా. తోట నుంచి వచ్చిన గెలల్ని త్వరగా ఉడికించకపోతే నూనె నాణ్యత పడిపోతుంది. ఆ నష్టం కూడా బిల్లులోకి వస్తుంది. మీ పాలసీ ఇలాంటి వెనకాల వచ్చే నష్టాన్ని కవర్ చేస్తుందా అని అడగండి.

అంకె పక్కనున్న మాటలు కూడా చదవండి. "ఒక్కో క్లెయిమ్‌కి 5 లక్షలు" వేరు, "ఏడాదంతా కలిపి 5 లక్షలు" వేరు. లాయర్ ఖర్చులు ఆ 5 లక్షల్లోనేనా, పైనా? లోపలే అయితే కేసు సాగేకొద్దీ మీ రక్షణ కరిగిపోతుంది. ఎక్సెస్ ఎంత? అంటే ప్రతి క్లెయిమ్‌లో ముందుగా మీ జేబు నుంచి పోయేది. లాయర్ ఖర్చులకి కూడా ఎక్సెస్ వర్తిస్తుందా?

రెండు కొటేషన్లు పోల్చి చూద్దాం. అంకెలు కేవలం అర్థం కావడానికి, మార్కెట్ ధరలు కావు.

మొదటిది: ప్రీమియం 2,400 రింగిట్. ఏడాదంతా కలిపి 5 లక్షలు, లాయర్ ఖర్చు అందులోనే. ఎక్సెస్ 20,000. రెట్రోయాక్టివ్ డేట్ పాలసీ మొదలైన రోజు.

రెండోది: ప్రీమియం 3,300 రింగిట్. మొత్తం అదే 5 లక్షలు, లాయర్ ఖర్చు పైన విడిగా. ఎక్సెస్ 10,000. రెట్రోయాక్టివ్ డేట్ మీరు సొంత పని మొదలుపెట్టిన 2019.

ఏడాదికి 900 రింగిట్ తేడా. ఒక్క క్లెయిమ్ వస్తే ఎక్సెస్‌లోనే 10,000 మిగులుతుంది. పాత పనుల రక్షణ అయితే మొదటిదాంట్లో అసలు లేదు. మొదటిది చవక కాదండీ, అది సగం పాలసీ. ప్రీమియం మీద 8 శాతం సర్వీస్ టాక్స్, 10 రింగిట్ స్టాంపు డ్యూటీ కూడా లెక్కలో వేసుకోండి. చాలా పాలసీల్లో 60 రోజుల్లో ప్రీమియం కట్టకపోతే పాలసీ రద్దయ్యే షరతు ఉంటుంది, ఆ తేదీ ఫోన్‌లో పెట్టుకోండి.

ఒప్పందంలో ఒక్క మాట పాలసీని మింగేస్తుంది

పాలసీ కాపాడేది మీ నిర్లక్ష్యం వల్ల చట్టప్రకారం వచ్చే బాధ్యతని. మీరు ఒప్పందంలో అంతకంటే ఎక్కువ ఒప్పుకుంటే, ఆ ఎక్కువ భాగం మీదే. "ఉద్దేశించిన పనికి తప్పక సరిపోతుందని హామీ", "ఎట్టి పరిస్థితిలోనూ కుంగదని గ్యారంటీ", "ఆలస్యానికి రోజుకి ఇంత జరిమానా" వంటి మాటలు కనబడితే పెన్ను కింద పెట్టి బ్రోకర్‌కి చూపించండి. "సమర్థుడైన ఇంజనీర్ చూపే నైపుణ్యం, జాగ్రత్త చూపిస్తాను" అనే మాట వరకు ఉంటే సరిపోతుంది. మీ మొత్తం బాధ్యత ఇంత రింగిట్ మించదు అని ఒక హద్దు పెట్టమని కూడా అడగవచ్చు. క్లయింట్ ఒప్పుకోకపోవచ్చు. అడిగితే పోయేదేం లేదు.

సాయిల్ టెస్ట్ మీరు ఇంకొకరి చేత చేయిస్తే, వాళ్ళ తప్పుకి కూడా క్లయింట్ మిమ్మల్నే పట్టుకుంటాడు. సబ్ కన్సల్టెంట్ల పని మీ పాలసీలో ఉందా, వాళ్ళకి సొంత పాలసీ ఉందా, రెండూ చూసుకోండి. వీలైతే సాయిల్ టెస్ట్‌ని క్లయింటే నేరుగా చేయించుకునేలా చూడండి.

ఏ పాలసీ అయినా కట్టనివి కొన్ని ఉన్నాయి. కావాలని చేసిన మోసం, ముందే తెలిసిన సమస్యలు, ప్రభుత్వ జరిమానాలు. 1974 నాటి వీధులు, డ్రైనేజీ, భవనాల చట్టంలో 71వ సెక్షన్ ఉంది. తప్పుడు డిజైన్, పర్యవేక్షణ లోపం వంటి కారణాలతో భవనం కూలితే బాధ్యుడికి 5 లక్షల రింగిట్ వరకు జరిమానా, 10 ఏళ్ళ వరకు జైలు. ఆ జరిమానా, ఆ జైలు ఏ బీమా సంస్థా తీసుకోదు. లాయర్ ఖర్చు వరకు కొన్ని పాలసీలు ఇస్తాయి, అది అడగండి.

ఫారం నింపేటప్పుడు, వాట్సాప్ వచ్చినప్పుడు

వ్యాపారం కోసం తీసుకునే బీమాలో, సంస్థ నిర్ణయాన్ని మార్చగల విషయం మీకు తెలిసి ఉంటే, వాళ్ళు అడగకపోయినా చెప్పాలి. 2013 నాటి ఫైనాన్షియల్ సర్వీసెస్ చట్టం తొమ్మిదో షెడ్యూల్ ఈ బాధ్యత పెట్టింది. ఏజెంట్ నింపి ఇచ్చిన ఫారం మీద చదవకుండా సంతకం పెట్టకండి. ఏజెంట్ బీమా సంస్థ మనిషి, బ్రోకర్ మీ తరఫు మనిషి. ఈ తేడా తెలిసి మాట్లాడండి.

"ముందే తెలిసిన సమస్య" అంటే కోర్టు నోటీసే కానక్కర్లేదు. "అన్నా, ఆ గోడ మూల దగ్గర సన్నగా బీట వచ్చింది, ఒకసారి చూస్తారా?" అని మేనేజర్ పంపిన వాట్సాప్ కూడా కావచ్చు. దాన్ని ఆ పాలసీ గడువులోనే సంస్థకి తెలియజేయండి. అలా తెలిపితే, రేపు అదే విషయం మీద క్లెయిమ్ వచ్చినా ఈ ఏడాది పాలసీలోనే లెక్కేస్తారు. దాచిపెట్టి రెన్యూవల్ చేస్తే పాత పాలసీ గడువు దాటిపోతుంది, కొత్తదేమో "మీకు ముందే తెలుసు" అంటుంది. మధ్యలో మీరు.

ప్రీమియం పెరుగుతుందని భయపడి తెలపనివాళ్ళు చాలామంది. పెరగవచ్చు. పెరిగిన ప్రీమియం భరించవచ్చు, కవర్ లేని 3,80,000 భరించలేం.

సైటుకి వెళ్ళి చూడండి, మనుషులకి ప్రమాదం ఉంటే ఖాళీ చేయించండి, రాతలో హెచ్చరించండి. ప్రాణాల ముందు పాలసీ ఏపాటిది. కానీ సంస్థ ఒప్పుకోలు లేకుండా "తప్పు నాదే, ఖర్చు నేనే పెట్టుకుంటా" అని మాత్రం రాయకండి. అలా ఒప్పుకుంటే కట్టం అనే షరతు పాలసీల్లో ఉంటుంది.

బాకీ ఫీజు గట్టిగా అడిగినప్పుడు కూడా జాగ్రత్త. చాలా క్లెయిమ్‌లు అక్కడే పుడతాయి. మీరు డబ్బు అడుగుతారు, ఎదుటివాడు "నీ డిజైన్ బాగాలేదు" అని ఎదురు దావా వేస్తాడు. నోటీసు పంపే ముందు బ్రోకర్‌కి ఒక మాట చెప్పండి.

దగ్గర పెట్టుకోవలసినవి

ప్రతి ఏడాది పాలసీ, షెడ్యూల్, ప్రపోజల్ ఫారం కాపీ. ప్రతి పనికి ఒప్పందం, సాయిల్ రిపోర్ట్, లెక్కలు, చివరి డ్రాయింగులు, సైట్ ఫోటోలు, మీరు ఇచ్చిన హెచ్చరికలు. 15 ఏళ్ళ వరకు ఉంచండి. ఫోన్ మారినప్పుడు పోయే చోట కాకుండా రెండు చోట్ల ఉంచండి. ఊరికి వెళ్ళాక కూడా పనిచేసే ఈమెయిల్, చిరునామా బీమా సంస్థకి ఇవ్వండి. మలేషియా నంబర్ ఆగిపోయాక వచ్చిన నోటీసు మీకు చేరకపోతే, తెలియజేసే గడువు దాటిపోతుంది.

సంస్థ బ్యాంక్ నెగారా లైసెన్స్ ఉన్నదేనా అని చూసుకోండి. క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాతలో అడగండి. సంస్థలో ఫిర్యాదు చేశాక కూడా తేలకపోతే, 2025 జనవరి నుంచి పనిచేస్తున్న ఫైనాన్షియల్ మార్కెట్స్ అంబుడ్స్‌మన్ సర్వీస్ ఉంది. వ్యక్తులు, చిన్న వ్యాపారాల తగాదాలు కొన్ని పరిమితుల లోపల అక్కడ వింటారు.

ఈ వారం ఒక్క పని చేయండి. పాలసీ ఉన్నవాళ్ళు షెడ్యూల్ తీసి రెట్రోయాక్టివ్ డేట్ ఎంతుందో చూడండి. లేనివాళ్ళు ఇప్పటిదాకా సంతకం పెట్టిన పనులన్నీ తేదీలతో ఒక కాగితం మీద రాసుకోండి. బ్రోకర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ కాగితం పట్టుకెళ్ళండి. "ఈ పనుల మీద రేపు క్లెయిమ్ వస్తే ఈ పాలసీ మాట్లాడుతుందా?" అని ఒక్కో పని చూపించి అడగండి. అవును అన్న జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.